అద్దం మీద ఉప్పుచారలు

సార్జెంటు రోతన్ తెచ్చి ముందుపెట్టిన గ్లాసులో కొబ్బరినీళ్ళున్నాయి. వాటిలో రెండు ఐసు ముక్కలు తేలుతున్నాయి. గురువారం ఉదయం ఎనిమిదీ పది.

"తాగండక్కా. అంత రాజధాని తారావాలో మీకింత చల్లగా ఎవరిస్తారు? రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టింది. ఫ్యాను తెల్లవార్లూ తిరిగింది," అంది ఇన్‌స్పెక్టర్ తిరోబా.

"తిరగదూ మరి! తెబాంగా దీవిలో సోలార్ దీపాలన్నీ తొమ్మిదికల్లా కునుకు తీస్తాయి. మా స్టేషనొక్కటే మేలుకునుంటుంది. కల్లు చల్లగా కావాలన్నా, చేప నిలవుండాలన్నా పెద్దలంతా మా గుమ్మంలోకే రావాలి."

చంకలో పాపతో రోతన్ కూతురు లోపలికొచ్చింది. "పాపకి ఒళ్ళు కాస్త వెచ్చబడింది నాన్నా," అని గిన్నెలో నాలుగు ఐసు ముక్కలు వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్తున్న మనవరాలి బుగ్గ మీద రోతన్ చిటికె వేశాడు. ఆరడుగుల మనిషి ఆ ఒక్క క్షణం మెత్తబడ్డాడు.

తిరోబాకు యాభై రెండేళ్ళు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆమెకు ఒంటబట్టిన సూత్రం ఒకటుంది: మర్యాద ఎక్కువ చేసేవాడి ఫైలు నిదానంగా చదవాలి. మొగలాకులో పొగాకు చుట్టుకుని, ముట్టించి, అలాగే చదివింది.

ఉన్నదంతా పేజీన్నర. చనిపోయినవాడు తకిరువా. వయసు యాభై ఎనిమిది. ఆసుపత్రి కప్పు మీది సోలార్ ప్యానెళ్ళను చూసుకునేవాడు. మంగళవారం మధ్యాహ్నం అద్దాలు కడగడానికి నిచ్చెన ఎక్కాడు. పన్నెండు ప్రాంతంలో మేనల్లుడు ఉరియాం నిచ్చెన లాగేశాడు. సిమెంటు గట్టుకు తల కొట్టుకుని ప్రాణం పోయింది. ఒంటి గంటకు నర్సు తెరెయా శవాన్ని చూసింది. ఒకటింపావుకు రోతన్ చేరుకున్నాడు. ఆదివారం నాడు మామా అల్లుళ్ళు గొంతులు చించుకుని అరుచుకోవడం వాడంతా విన్నది. మంగళవారం తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా ఊరు ఊరంతా మనేబాలో, ఆ పెద్ద సభాశాల చాపల మీద కూర్చుని ఉంది. తకిరువా, నర్సు కాక అక్కడ లేనివాడు ఉరియాం ఒక్కడే. సాయంత్రం నాలుగింటి విమానంలో అతన్ని తారావా జైలుకు పంపాలి. తిరోబా చేయవలసింది అడుగున ఒక సంతకం.

"పన్నెండని ఎలా తేల్చావు తమ్ముడూ?"

"బ్రష్షు. నేను వెళ్ళేసరికి తడిగా ఉంది. ఈ ఎండకు తడి బ్రష్షు గంటలో పుల్లలా బిగుసుకుపోదూ? లెక్క మీరే కట్టుకోండి."

"ఆ తడి నువ్వు కాక ఇంకెవరు చూశారు?"

"నేను చూస్తే చాలదా?"

"ఎందుకు చాలదు? నువ్వొక్కడివే చూశావని రాస్తాను."

రోతన్ నవ్వు సగంలో ఆగింది. "అక్కా, మీరొచ్చింది సంతకానికి. తవ్వకానికి కాదు."

"నా సంతకం గంటకో అడుగు వేస్తుందిలే. నాలుగింటికి ఇంకా చాలా టైముంది. ఆ కుర్రాడి గది తాళం తియ్యి. తీసి నువ్వు బయటుండు."

* * *

ఉరియాంకు ఇరవై ఆరేళ్ళు. కల్లు గీసేవాడు. అరిచేతులు రెండూ కొబ్బరి బెరడులా కాయలు కాచి ఉన్నాయి. గది మూలన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. తిరోబా కింద చాప మీదే చతికిలబడింది.

"మంగళవారం పొద్దున చెట్టెక్కావా?"

"ఎక్కాను. రోజూ ఎక్కుతాను."

"ఎన్నింటికి?"

"అయిదున్నరకి. ఆరుంబావుకి దిగాను. పాడుతూనే ఉన్నాను. ఊరంతా వినే ఉంటుంది."

విన్నదని తిరోబాకూ తెలుసు. పొద్దున స్టేషను గడప దిగగానే ఇద్దరు ముసలమ్మలు ఆ మాటే చెప్పారు. కల్లు గీసేవాడు చెట్టు మీదున్నంతసేపూ పాడాలి. పైనున్నవాడికి అందరి పెరళ్ళూ కనబడతాయి కనుక, పైన మనిషున్నాడని కిందివాళ్ళకు తెలియాలి. దానికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. చెట్టు మీద చూసింది చెట్టు దిగకూడదు.

"మధ్యాహ్నం పన్నెండుకి?"

"పడవల పాకలో పడుకున్నాను. ఎవరూ చూడలేదు."

"ఆదివారం మీ మావయ్యతో గొడవ దేనికి?"

ఉరియాం అరచేతి కాయలు గోటితో గిల్లుకున్నాడు.

"నాలుగింటికి విమానం."

"తెలుసు."

"నీ పెళ్ళాం పురుడు పోసుకుని ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు." అతను మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మా, నేను మావయ్య మీద చెయ్యెత్తలేదు. నాకు ఈత నేర్పింది ఆయన. చెట్టెక్కడం నేర్పింది ఆయన. కానీ ఆ గొడవ గురించి అడక్కండి. చెబితే నేను బయటపడతానేమో, ఆయన పోతాడు."

"పోయినవాడు మళ్ళీ ఏం పోతాడురా?"

"పేరుంది కదమ్మా."

ఎంత అడిగినా ఆపైన ఒక్క ముక్క రాలలేదు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు గానీ, ఆ గదిలో లోకువైంది తిరోబాయే. కోపమూ వచ్చింది, ఆ కుర్రాడి మీద ఏదో గౌరవమూ కలిగింది. లేచి ఆసుపత్రి దారి పట్టింది.

* * *

పదకొండయింది. ఆసుపత్రి ఊరి చివర, సముద్రం వైపు ఉంది. అటు నడిచేవాళ్ళు తక్కువ. కప్పు మీద ఎనిమిది ప్యానెళ్ళు, చూరు కింద సిమెంటు గట్టు, గట్టుకు ఇవతల వాన నీళ్ళ ట్యాంకు, పాతికడుగుల దూరంలో బావి. నాలుగు నెలలుగా చినుకు లేదు. బావిలో నీళ్ళు ఉప్పెక్కి, బట్టలుతకడానికి తప్ప పనికిరాకుండా పోయాయి.

తిరోబా నిచ్చెనెక్కి అద్దం మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది. అరచెయ్యి ఎర్రబడింది.

"పెనం మీద రొట్టె వేస్తున్నారా అక్కా?" కింద నుంచి రోతన్ గొంతు వినిపించింది. వెంటపడి వచ్చాడన్నమాట.

"ఇప్పుడు పదకొండు. పన్నెండుకి ఇంకెలా ఉంటుంది? కాలే అద్దం మీద చల్లటి నీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? చల్లబడుతుంది."

"పగులుతుంది. పగలకపోయినా నీళ్ళు అక్కడికక్కడే ఆవిరై మచ్చలు కడతాయి. అందుకే ప్యానెళ్ళు తెల్లవారగానే, గాజు చల్లగా ఉన్నప్పుడే కడుగుతారు. తకిరువా పదకొండేళ్ళు అలాగే కడిగాడు. పన్నెండో ఏడు మిట్టమధ్యాహ్నం ఎక్కాడంటావా?"

"ముసలాడికి బుద్ధి మందగించిందేమో!"

"ఎనిమిదింటిలో ఒక్కటీ పగల్లేదు."

"అదృష్టం."

తిరోబా అద్దానికి మొహం ఆనించేంత దగ్గరగా వంగింది. సముద్రగాలికి పట్టిన ఉప్పు పల్చటి పొరలా అంతటా సమానంగా ఉంటుంది. ఇక్కడున్నది అది కాదు. ఆ పొర మీద పై నుంచి కిందికి తెల్లటి చారలు దిగి ఉన్నాయి. కింది చట్రం అంచున, నీరు ఆగి ఎండిన చోట, రవ్వలాంటి గరుకు పేరుకుంది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

"అయ్యో, తారావాలో అన్నం కూడా పెట్టట్లేదా అక్కా మీకు?"

"పెడుతున్నారు తమ్ముడూ. ఉప్పు తక్కువేస్తున్నారు."

వాకిట్లో కూర్చున్న ఇద్దరు రోగులు కిసుక్కుమన్నారు. రోతన్ చెవులు ఎర్రబడ్డాయి. నిచ్చెన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వినండి. ఈ దీవిలో పదహారేళ్ళ నుంచి పోలీసంటే నేను. మీరు ఈ సాయంత్రానికో, రేపటికో పోతారు. ఇక్కడి జనంతో బతకాల్సింది నేను. హంతకుణ్ణి పట్టి అప్పజెప్పాను. మీ ఆటలకి విమానం ఆగదు. సంతకం పెట్టకపోతే రేడియోలో మీ పైవాళ్ళతో పెట్టిస్తాను."

"పెట్టించు. రేడియో పనిచేస్తోందా?"

"శుభ్రంగా."

"మంచి బ్యాటరీలున్నట్టున్నాయి," అంది తిరోబా. ఆ మాట ఆమె ఊరికే అంది. దాని బరువు ఆమెకే అప్పటికి తెలియదు.

రోతన్ వెళ్ళిపోయాడు. మామూలు కంటే కొంచెం త్వరగా నడిచాడు.

* * *

నర్సు తెరెయాకు ముప్పై దాటి ఉండవు గానీ రెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది. లోపలి గదిలో ఎవరో పిల్లలు దగ్గుతున్నారు.

"మంగళవారం నువ్వెక్కడున్నావు?"

"టీకాలు ముందురోజు మధ్యాహ్నమే డబ్బాలో సర్దిపెట్టుకుని, పక్కూళ్ళో వేయడానికి పొద్దున అయిదుకి వెళ్ళాను మేడమ్. ఒంటి గంటకొచ్చాను. గట్టు మీద ఆయన..."

"ముట్టుకున్నావా?"

"నాడి చూడ్డానికి చెయ్యి ఎత్తబోతే రాలేదు. మెడ కొయ్యబారిపోయింది. మోచేతులు వంగలేదు. గంట క్రితం పోయిన మనిషి అలా ఉండడు. ఆరేడు గంటలై ఉండాలి. సార్జెంటుగారికి చెప్పాను. ఎండకి అలాగే అవుతుంది, నీ పని నువ్వు చూసుకో అన్నారు."

పేజీన్నర ఫైల్లో ఈ మాట లేదు. ఒంటి గంట నుంచి వెనక్కి ఏడు గంటలు. ఆరు. తెల్లవారుజాము. ఆ వేళకు ఉరియాం కొబ్బరిచెట్టు మీద, ఊరు వినేలా పాడుతున్నాడు.

"ప్యానెళ్ళు ఏ నీళ్ళతో కడుగుతాడు తకిరువా?"

తెరెయా కిటికీలోంచి బయటికి, ట్యాంకు వైపు చూసింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది ఆ చూపు.

"చెప్పమ్మా. నేను నీళ్ళ దొంగల్ని పట్టడానికి రాలేదు."

"మంచినీళ్ళతో," అంది ఆ పిల్ల. "వాన నీళ్ళతో. బావినీళ్ళు పోస్తే ఉప్పు చారలు కట్టి అద్దం ఇంకా మసకేస్తుందనేవాడు. వారానికో బక్కెట్టు ఇచ్చేదాన్ని. ఈ మధ్య వారానికి నాలుగు అడిగేవాడు. మనుషులు గుక్కెడు నీళ్ళకి అల్లాడుతుంటే మేం గాజు మీద పోశామని ఊరికి తెలిస్తే బతకనిస్తారా? అందుకే ఊరు లేవక ముందే కానిచ్చేసేవాడు. ఆయనకీ నాకూ తప్ప తెలీదు."

చెట్టు మీది నుంచి చూసేవాడికి తెలుస్తుంది, అనుకుంది తిరోబా. ఆదివారం గొడవ దేనికో ఆమెకు అర్థమైంది. ఇంట్లో పురుడు, కడవలో ఉప్పునీళ్ళు. పైనుంచి చూస్తే మేనమామ మంచినీళ్ళు గాజు మీద గుమ్మరిస్తున్నాడు.

ఇంకొకటీ అర్థమైంది. మంగళవారం ఈ అద్దాలు కడిగిన చెయ్యి తకిరువాది కాదు. ఉరియాందీ కాదు, వాడికి గుట్టు తెలుసు. ఎవడో తకిరువాను చంపి, కడుగుతూ పడిపోయినట్టు కనబడాలని ఒక బక్కెట్టు కుమ్మరించాడు. పక్కనే ట్యాంకు ఉండగా పాతికడుగులు నడిచి బావిలో తోడుకున్నాడు. ఈ దీవిలో పుట్టి పెరిగినవాడు మనిషినైనా చంపుతాడు గానీ, కరువు కాలంలో మంచినీళ్ళు గాజు మీద పోయడు. చెయ్యి దానంతటదే బావి వైపు పోతుంది.

"వారానికి ఒకటి చాలేది నాలుగెందుకయ్యాయి?"

"బ్యాటరీలు నిండట్లేదని. దుమ్ము వల్లేమోనని రుద్దేవాడు, రుద్దేవాడు..."

"బ్యాటరీల పెట్టె తియ్యి."

తాళం తీశారు. నాలుగు బ్యాటరీలున్నాయి. పక్కలు ఉబ్బి, కొనల దగ్గర ఆకుపచ్చటి బూజు పట్టి ఉన్నాయి. మీద ఎర్ర రంగుతో తకిరువా రాసుకున్న తేదీ ఆరేళ్ళ నాటిది. తెరెయా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇవి పాతవి! కొత్తవి నాలుగు మూడు నెలల క్రితం ఓడలో వచ్చాయి. ఆయన పేరూ తేదీ రాస్తుంటే రంగు డబ్బా నేనే పట్టుకున్నాను."

"తాళం ఎవరి దగ్గరుండేది?"

"ఆయన దగ్గరే. పోయాక నేను తీసి దాచాను."

తాళం పగల్లేదు. అంటే దొంగతనం కాదు. ఇచ్చాడు. ప్రాణంలా చూసుకునే బ్యాటరీలను మనిషి తన చేత్తో ఎందుకిస్తాడో తిరోబాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చుట్టమో, పెద్దమనిషో ఎదురుగా వచ్చి "బుబుతి" అని అడిగితే ఈ దీవుల్లో లేదనకూడదు. ఒంటిమీది చొక్కా అడిగినా విప్పివ్వాలి. లేదన్నవాడు సభలో తలెత్తుకోలేడు, వాడి పిల్లలూ ఎత్తుకోలేరు. తకిరువా లేదనలేకపోయాడు. ఇచ్చేసి, ఎవరితోనూ చెప్పుకోలేక, కడుపు ఎండినవాడి మొహం కడిగినట్టు అద్దాలు కడుగుతూ కూర్చున్నాడు.

"టీకాల ఫ్రిజ్?"

"చల్లగానే ఉంటుంది మేడమ్. నేను పదకొండు తర్వాతే తీస్తాను. చూడండి, ఫ్రిజ్ లోపలి వేడి రోజూ ఆయన రాసిన పుస్తకం."

పదకొండు వారాలు. ప్రతి తెల్లవారుజామునా ఒకటే అంకె, అయిదు డిగ్రీలు. ఆరు లేదు, నాలుగు లేదు. ప్రకృతిలో ఏ అంకే అంత బుద్ధిగా ఉండదు. తిరోబా ఫ్రిజ్ తెరిచింది. లోపల ఇప్పుడు చల్లగానే ఉంది. ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ళే నడిపిస్తాయి. కానీ థర్మామీటర్‌లో రెండో ముల్లుంటుంది, లోపల ఎంత వేడి దాకా వెళ్ళిందో అక్కడే ఆగిపోతుంది. రోజూ పొద్దున దాన్ని వెనక్కి తిప్పడం తకిరువా పని. రెండు రోజులుగా తిప్పే చెయ్యి లేదు. ముల్లు ఇరవై ఆరు మీద నిలబడి ఉంది.

తెరెయా టీకాల పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. "రాత్రిళ్ళన్నీ... అయితే నేను వేసినవన్నీ..."

"సోమవారం తకిరువాకు నువ్వేమైనా చెప్పావా?"

"చెప్పాను." ఆమె లోపలి గది వైపు చూసింది. దగ్గు వినిపించింది. "రెండు వారాల క్రితం ఓడ దిగిన పిల్లకి తట్టు. అది సరే. కానీ నెల క్రితం నేనే టీకా వేసిన ఈ ఊరి పిల్లవాడికి కూడా సోమవారం తట్టు పోసింది. ఎలా సాధ్యం మావయ్యా అని ఆయన్నే అడిగాను. గోడ పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు."

సోమవారం విన్నాడు. మంగళవారం పొద్దున బ్యాటరీలు వెనక్కి అడిగి ఉంటాడు. అడగబట్టే చచ్చిపోయాడు.

"ఈ పదకొండు వారాల్లో ఎందరికి వేశావు?"

పంతొమ్మిది పేర్లు. పుస్తకంలో వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతూ వచ్చిన తిరోబా పదమూడో పేరు దగ్గర ఆగింది. పొద్దున తాగిన కొబ్బరినీళ్ళ చల్లదనం మళ్ళీ గొంతులో తగిలినట్టయింది. ఐసు. తెల్లవార్లూ తిరిగిన ఫ్యాను. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. సాక్ష్యాన్ని గ్లాసులో పోసిస్తే తాగేసి, మూతి తుడుచుకుని వచ్చింది!

* * *

ఒకటిన్నర. రోతన్ రేడియో ముందు గట్టిగా మాట్లాడుతున్నాడు. తిరోబా వెనక వసారాలోకి నడిచి, ఐసు పెట్టె కింద తడికె జరిపి చూసింది. నాలుగు బ్యాటరీలు. పైనున్న ఎర్ర రాతను కత్తితో గీకేశారు. నాలుగోదాని వెనక, కత్తి అందనిచోట, "తకి" వరకు మిగిలి ఉంది.

తిన్నగా ఉరియాం దగ్గరికెళ్ళి కూర్చుంది.

"మీ మావయ్య ఏ నీళ్ళతో కడిగేవాడో నాకు తెలిసిపోయింది. నువ్వు చెప్పలేదు, నర్సు చెప్పింది. ఇక దాచడానికి ఏమీ లేదు."

ఉరియాం చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. వెక్కిళ్ళు ఆగేదాకా తిరోబా చుట్ట వెలిగించుకోలేదు.

"మంగళవారం చెట్టు మీది నుంచి ఏం చూశావు? చనిపోయినవాడి కోసం ఒక్కసారి చూసిందాన్ని చెట్టు దించు."

"ఎదురెండ, మొహం తెలీలేదు. ఆసుపత్రి బావి దగ్గర ఎవరో నీళ్ళు తోడుతున్నారు. తోడి నిచ్చెనెక్కారు. మావయ్యే అనుకున్నాను. నేను ఆదివారం అన్నానని బావినీళ్ళకి మారాడనుకున్నాను. అనవసరంగా అన్నానే అని..." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "సాయంత్రం క్షమించమని అడుగుదామనుకున్నానమ్మా."

"మనిషి ఎంత ఎత్తు?"

"మావయ్యకి పై మెట్టెక్కితే గానీ చూరు అందదు. ఆ మనిషి మూడో మెట్టు మీది నుంచే బక్కెట్టు కప్పు మీద పెట్టాడు." తలెత్తి చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. గోడ అవతల రోతన్ గొంతు ఖంగుమంటోంది.

"నోరు మూసుకో," అంది తిరోబా మెల్లగా. "ఇంకో రెండు గంటలు."

"అమ్మా, మంచినీళ్ళ సంగతి అందరి ముందూ అనకండి. మీకు దండం పెడతాను. మా అమ్మ ఈ ఊళ్ళోనే బతకాలి."

చేతికొచ్చిన సాక్ష్యాల్లో పదునైనది ఉప్పుచార. దాన్నే వాడొద్దంటున్నాడు, మెడకు ఉరి బిగుస్తున్నవాడు. తిరోబా పెద్దగా ఊపిరి వదిలింది. "సరేరా," అంది.

* * *

మూడూ పది. ఉరియాంను విమానాల మైదానానికి తీసుకెళ్ళే ట్రక్కు స్టేషను ముందు ఆగి ఉంది. జనం పోగయ్యారు. పెద్దలు నీడన చాపలేసుకుని కూర్చున్నారు. ఉరియాం తల్లి కొడుకు వైపు చూడడంలేదు, కట్టుకున్న గుడ్డ కొంగు వేళ్ళకు చుట్టుకుంటోంది. చచ్చినవాడు తోడబుట్టినవాడు. చంపాడంటున్నది కడుపున పుట్టినవాణ్ణి. ఆమె ఎటు ఏడవాలి?

రోతన్ బేడీల తాళంచెవి జేబులో వేసుకుని కాగితం చాచాడు. "సంతకం అక్కా."

తిరోబా కాగితం అందుకోలేదు. మెట్టు దిగి, పెద్దల ఎదురుగా నేల మీద కాళ్ళు మడిచి కూర్చుంది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ అడుక్కునేవాళ్ళలా మట్టిలో కూర్చోవడం చూసి జనం గుసగుసలు మానేశారు.

"తమ్ముడూ రోతన్. బుబుతి."

ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

"నీ ఐసు పెట్టె కింద నాలుగు బ్యాటరీలున్నాయి. అవి నాకు కావాలి. పెద్దల ముందు అడుగుతున్నాను."

రోతన్ కదల్లేదు. ఇవ్వనంటే పదహారేళ్ళ పరువు ఆ చాపల ముందే పోతుంది. ఇస్తానంటే బ్యాటరీలు బయటికొస్తాయి, వాటి వెనక రాత బయటికొస్తుంది. మెడలో నరం కొట్టుకోవడం తిరోబాకు కనిపిస్తూనే ఉంది.

"స్టేషను సొత్తు అవి," అన్నాడు చివరికి.

"నాలుగోదాని వెనక తకిరువా చేతిరాత ఉంది. అవి ఆసుపత్రివి. మూడు నెలల క్రితం నువ్వు వెళ్ళి బుబుతి అడిగావు. ఆయన ఇచ్చాడు. మంగళవారం తెల్లారి నిన్ను ఆసుపత్రికి పిలిచి, అవే వెనక్కి ఇమ్మని నీ కాళ్ళ ముందు ఇలాగే కూర్చున్నాడు. అవునా?"

చాప మీది పెద్దాయన, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నెమ్మదిగా అడిగాడు. "అడిగాడా రోతన్?"

అబద్ధం చెప్పడానికి రోతన్‌కు ఇంకా దారి ఉంది. ఆ క్షణాన చెప్పినా ఎవరూ కాదనలేరు, అక్కడ ఉన్నది ఇద్దరే, ఒకడు పోయాడు. కానీ అడుగుతున్నది అతనికి వరసకు తాత. ఆ చాపల ముందు అతను పుట్టి పెరిగాడు.

"అడిగాడు," అన్నాడు. "పెద్దలంతా వస్తున్నారు. మా ఇంటి కల్లు, మా ఇంటి చేప చల్లగా ఉంచమంటున్నారు. అప్పుడు అడిగాడు. పిల్లల ప్రాణాలన్నాడు. మందు బుడ్లకి ప్రాణాలేమిటి అనుకున్నాను. బుబుతికి లేదనడం మా వంశంలో లేదక్కా. నేనూ లేదనలేదు."

"లేదనలేక అడిగే నోరే మూసేశావు."

ఉరియాం తల్లి అరవలేదు. లేచి, నాలుగడుగులు నడిచి వెళ్ళి, రోతన్ చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకుని, కొడుకు బేడీలు తనే తీసింది. రోతన్ అడ్డుకోలేదు. ఆమె అలాగే కొడుకు భుజం మీదికి వాలిపోయింది.

"బ్యాటరీలు తీసుకోండి," అన్నాడు రోతన్ తిరోబాతో. "తకిరువా పిల్లల ప్రాణాలన్నాడే, ఏ పిల్లలు? ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

తిరోబా జేబులోంచి మడిచిన కాగితం తీసింది. దాన్ని ఇవ్వాలని ఆమెకు లేదు. ఎంత హంతకుడైనా ఇవ్వాలని లేదు. కానీ పంతొమ్మిది ఇళ్ళకూ ఈ సాయంత్రమే తెలియాలి, విమానం కొత్త టీకాలు తేవడానికి తిరిగి వెళ్ళాలి. తిలా పాపం తలా పిడికెడు. అడిగినవాడిది ఒక పిడికెడు, కాదనలేక ఇచ్చి అయిదు అయిదని రాసినవాడిది ఒకటి, ఐసు రుచి మరిగి ఎక్కడిదని అడగని పెద్దలది ఒకటి.

"ఈ మూడు నెలల్లో టీకా వేయించుకున్నవాళ్ళు. ఒక్కదానిలోనూ మందు బతికి లేదు. ఊళ్ళో తట్టు తిరుగుతోంది. పదమూడో పేరు చదువుకో."

రోతన్ చదివాడు. చదివి, తల తిప్పి, జనంలో కూతురి కోసం వెతికాడు. ఆమె ముందుకు రానే వచ్చింది, చంకలో పాప. పాప తల తల్లి భుజం మీద వేలాడుతోంది, చెవి వెనక ఎర్రటి పొక్కులు సన్నగా లేచి ఉన్నాయి. ఏం జరుగుతోందో ఆమెకు సగమే అర్థమైనట్టుంది.

"పొద్దుటి నుంచి ఒళ్ళు కాలిపోతోంది నాన్నా," అంది. "ఐసు పెడుతూనే ఉన్నాను. తగ్గట్లేదు."